ఇంగ్లిష్ టీచరుగా థాయ్‌లాండ్ వెళ్తున్నారా? నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అనకాపల్లి దగ్గర పల్లె. విశాఖలో ఎమ్మే ఇంగ్లిష్, బీఈడీ చదివాను. ఇప్పుడు థాయ్‌లాండ్ ఈశాన్యంలో రోయెట్ అనే చోట సర్కారు బడి పిల్లలకు ఇంగ్లిష్ చెప్తున్నాను. ఇది మూడో ఏడు. మా చుట్టుపక్కల ఎవరి పిల్లలు డిగ్రీ పూర్తి చేసినా ఫోన్ నాకే వస్తుంది. చెప్పిందే చెప్పి విసుగొచ్చి, ఒక్కసారి రాసి పెడుతున్నాను. కొన్ని ప్రశ్నలు పిల్లలవి, కొన్ని వాళ్ళ అమ్మలవి. అమ్మల ప్రశ్నలకే జవాబు చెప్పడం కష్టం.

అక్కా, మన ఇంగ్లిష్‌కి అక్కడ ఉద్యోగం ఇస్తారా? తెల్లవాళ్ళనే తీసుకుంటారట కదా?

ఇస్తారు. తెల్లవాళ్ళకు ముందు ఇస్తారన్నదీ నిజమే. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ ఉంటే "నేటివ్ స్పీకర్". మనమూ ఫిలిప్పీన్స్ వాళ్ళూ "నాన్ నేటివ్". థాయ్ బడుల్లో ఇంగ్లిష్ చెప్పే విదేశీయుల్లో ఫిలిప్పీన్స్ వాళ్ళు చాలామంది, మా బళ్ళో నాకు పని నేర్పింది కూడా వాళ్ళే. నేటివ్ కాదు కాబట్టి ఇంగ్లిష్ వచ్చని పరీక్ష రాసి చూపించాలి. నన్ను టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో 600 మార్కులు అడిగారు. చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివి, ఎమ్మే చేసి, మళ్ళీ ఇదేమిటని ఒళ్ళు మండింది. రాశాను. మీరూ రాస్తారు.

డిగ్రీ తప్పనిసరి. బీఈడీ ఉంటే చాలా నయం, ఎందుకంటే అక్కడ బడిలో చెప్పాలంటే ఖురుసఫా అనే ఉపాధ్యాయ మండలి లైసెన్సు కావాలి. బీఈడీ లేనివాళ్ళు తాత్కాలిక అనుమతి మీద నడిపిస్తూ, అది అయిపోతుందంటే దిగులు పడుతూ ఉంటారు.

జీతం ఎంత? మిగులుతుందా?

మొదటి ఏడాది నాకు 20 వేల బాత్‌లు, ఇప్పుడు 23 వేలు. మన లెక్కలో 60 వేల రూపాయల పైనే. నాతో పాటే చేరిన ఇంగ్లండ్ కుర్రాడికి 32 వేలు. అతనికి బీఈడీ లేదు, ముందు ఎక్కడా పాఠం చెప్పలేదు. మంచివాడే, పాఠం తయారీకి నా దగ్గరికే వస్తాడు. ఈ తేడా తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు పడుతోంది.

గది అద్దె 3,500. భోజనం బయట తిన్నా 50 బాత్‌లలో అయిపోతుంది. నెలకు 7, 8 వేల బాత్‌లు మిగులుతాయి. బ్యాంకాక్‌లో అయితే జీతం ఇంకాస్త ఉంటుంది, మిగులు ఉండదు.

సంతకం పెట్టేముందు ఒక్కటి చూడండి: జీతం 12 నెలలకా, 10 నెలలకా? అక్కడ బడి మే మధ్యలో తెరిచి మార్చిలో మూస్తారు, అక్టోబరులో మధ్య సెలవులు. బడులకు టీచర్లను పంపే ఏజెన్సీలు కొన్ని సెలవుల నెలలకు డబ్బులివ్వవు. నాది అలాంటి కాంట్రాక్టే అని మొదటి ఏప్రిల్‌లో తెలిసింది.

ముందు విజిటర్‌గా వెళ్ళిపోయి, అక్కడ ఉద్యోగం చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు గానీ చేయకూడదు. టూరిస్టుగా దిగి పాఠం చెప్తే చట్టవిరుద్ధం, పట్టుబడితే మీకే నష్టం. బడి వాళ్ళు కాగితాలు పంపితే ఇండియా నుంచే నాన్ బీ వీసా, అంటే ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళ వీసా, తీసుకోండి. అది 90 రోజులకు వస్తుంది. ఈలోగా వర్క్ పర్మిట్, ఆ తర్వాత ఏడాదికి పొడిగింపు. ప్రతి 90 రోజులకూ "నేను ఇక్కడే ఉన్నాను" అని ఇమిగ్రేషన్‌కి చెప్పాలి, దాన్ని టీఎం 47 అంటారు. గడువు దాటి ఉంటే రోజుకు 500 బాత్‌ల జరిమానా, 20 వేల దాకా.

ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు. ఇవ్వమంటావా?

వద్దు. టీచర్ ఉద్యోగానికి లక్షన్నర తీసుకునేవాడు టీచర్ ఉద్యోగం ఇవ్వడు.

ఇంకోటి, ఇది నవ్వుతూ చెప్పే మాట కాదు. "ఇంగ్లిష్ వస్తే చాలు, బ్యాంకాక్‌లో కంప్యూటర్ పని, జీతం లక్ష" అని ఎవరైనా అంటే ఆగండి. బ్యాంకాక్‌లో దింపి, కారెక్కించి, మే సోట్ అనే సరిహద్దు ఊరు దాటించి, మయన్మార్‌లో సైబర్ మోసాల డెన్లలో కూర్చోబెడతారు. 2025 మార్చిలో మన వాయుసేన విమానాలు మే సోట్ నుంచి 549 మందిని వెనక్కి తెచ్చాయి, వాళ్ళలో తెలుగు పిల్లలూ ఉన్నారు. బడి పేరు, ఊరు పేరు చెప్పని ఉద్యోగం ఉద్యోగం కాదు. బడి పేరు చెప్తే ఆ బడికే ఫోన్ చేసి కనుక్కోండి.

ఆడపిల్ల ఒక్కతే ఎలా ఉంటుందమ్మా?

అత్తయ్యా, అక్కడ రాత్రి తొమ్మిదింటికి సైకిల్ మీద సంతకు వెళ్ళొస్తాను. మన ఊళ్ళో అయితే వెళ్ళను. అంతకన్నా ఏం చెప్పాలో తెలియదు. భయమేసింది మనుషులను చూసి కాదు, వీధి కుక్కలను చూసి.

థాయ్ భాష రాకుండా పాఠం ఎలా చెప్తావు?

మొదటి నెల నోరు కన్నా చేతులే ఎక్కువ ఆడించాను. తర్వాత ఒక రోజు స్టాఫ్ రూములో క్యాలెండర్ చూస్తూ, పక్క టీచర్ వారాల పేర్లు చదువుతుంటే విన్నాను. ఆదివారం "అథిత్", సోమవారం "చన్", బుధవారం "ఫుత్", గురువారం "ఫరుహత్సబోదీ". ఆదిత్యుడు, చంద్రుడు, బుధుడు, బృహస్పతి! అప్పటి నుంచి వేటాడటం మొదలుపెట్టాను. భాష "ఫాసా", ఆహారం "ఆహాన్", గురువు "ఖ్రూ", ఆచార్యుడు "ఆజాన్". టెలిఫోన్‌ని "థోరసప్" అంటారు, అంటే దూరశబ్దం. ఇంటికి ఫోన్ చేసే ప్రతిసారీ ఆ మాట గుర్తొస్తుంది.

సంస్కృతం అక్కడితో సరి. తర్వాత స్వరాలు అయిదు. "ఖావ్" అన్న మాటని ఒక రకంగా అంటే అన్నం, ఇంకో రకంగా తెలుపు, ఇంకో రకంగా వార్త, ఇంకో రకంగా మోకాలు. హోటల్లో నేను ఎన్నిసార్లు ఒక ప్లేటు మోకాలు అడిగానో ఆ వంటావిడకే తెలియాలి.

పిల్లల ఇంగ్లిష్‌లో ఒక తమాషా ఉంది. మనం ఇంగ్లిష్ మాటకి చివర అచ్చు తగిలిస్తాం: బస్సు, కారు, స్కూలు. వాళ్ళు చివరి హల్లు మింగేస్తారు, లేదా మార్చేస్తారు. ఆపిల్ "ఎప్పెన్" అవుతుంది, ఫుట్‌బాల్ "ఫుట్‌బొన్" అవుతుంది, స్కూల్ "సకూన్" అవుతుంది. మా ఊళ్ళో పిల్లలు "ఇస్కూలు" అంటే నేను దిద్దేదాన్ని, అక్కడ "సకూన్" దిద్దుతున్నాను. రెండూ ఒకే రోగమని నాకు అక్కడికి వెళ్ళాకే అర్థమైంది: నాలుక తన ఇంటి అలవాటు ఎక్కడికి వెళ్ళినా వదలదు.

అక్కడ టీచర్‌కి గౌరవం ఉంటుందా?

ఉంటుంది. కాస్త మొహమాటం వేసేంత.

తరగతిలో అడుగుపెట్టగానే యాభై మందీ లేచి రాగం తీసి "గుడ్ మార్నింగ్ టీచర్" అంటారు. "హౌ ఆర్ యూ" అంటే యాభై గొంతులూ ఒకే పాటగా "అయామ్ ఫైన్, థ్యాంక్యూ, అండ్ యూ". జ్వరమొచ్చి బల్ల మీద తల వాల్చినవాడూ అదే పాడతాడు.

జూన్‌లో ఒక గురువారం "వై ఖ్రూ" చేస్తారు. మన గురుపూజ లాంటిది. మొదటి ఏడాది నాకెవరూ ముందు చెప్పలేదు. హాల్లో వరసగా కుర్చీలు వేసి టీచర్లను కూర్చోబెట్టారు. పిల్లలు మోకాళ్ళ మీద నడుస్తూ వచ్చి, పూల పళ్ళెం చేతికిచ్చి, నేల మీదికి వంగి నమస్కరించారు. మూడో తరగతి పిల్ల ఇచ్చిన పళ్ళెంలోకి చూశాను. అందులో నూరువరహాల పూలు, వంకాయ పువ్వు, ఒక గుప్పెడు గరిక.

గరిక చూసేసరికి కళ్ళు తిరిగినట్టయింది. మా ఇంట్లో వినాయక చవితికి పొద్దున్నే పొలం గట్టు మీద గరిక కోసుకొచ్చే పని నాది. ఆ పిల్లకి అవన్నీ తెలియవు కదా. పక్కనున్న టీచర్ తర్వాత చెప్పింది: నూరువరహాల మొగ్గ సూదిలా ఉంటుంది కాబట్టి పదునైన బుద్ధికి, గరిక ఎలా తొక్కినా మళ్ళీ పాకుతుంది కాబట్టి పట్టుదలకి, వంకాయ పువ్వు తల వంచుకుని ఉంటుంది కాబట్టి వినయానికి. నేను మాత్రం ఆ గరికను నోట్‌బుక్‌లో పెట్టుకుని గదికి తెచ్చుకున్నాను. ఆ సాయంత్రం అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. "దానికి నీళ్ళు పెట్టు, బతుకుతుంది" అంది. బతకలేదు.

ఇంకో సంగతి. అక్కడ తల ముట్టుకోవడం తప్పు. బాగా చదివినవాడి తల నిమిరి "శభాష్" అనడం మన చేతికి అలవాటు. నా చేయి సగం దూరం వెళ్ళి ఆగిపోవడం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది.

తిండి?

అన్నిట్లోనూ నామ్ ప్లా, అంటే చేపలను ఉప్పులో పులియబెట్టి తీసిన నీళ్ళు. కూరగాయల వేపుడులో కూడా. పూర్తి శాకాహారులు "జే" అనే మాట నేర్చుకోండి, పసుపు పచ్చ జెండా మీద ఎర్రక్షరాలతో ఉంటుంది, ఆ కొట్టులో మాంసం, చేప ఉండవు. జే తిండిలో వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు, మా నాయనమ్మకి బాగా నచ్చేది.

రోయెట్ వైపు జిగురు అన్నం తింటారు, చేత్తోనే, చిన్న ముద్ద చేసి కారంలో అద్దుకుని. చేత్తో తినడం చూసి మొదటి రోజే ప్రాణం లేచొచ్చింది. కరివేపాకు మాత్రం దొరకదు. బ్యాంకాక్‌లో ఫహురాత్ అనే పేట ఉంది, మనవాళ్ళ కొట్లు. అక్కడ మినప్పప్పు, ఇంగువ, అన్నీ. అయితే రోయెట్ నుంచి బ్యాంకాక్ 500 కిలోమీటర్లు, రాత్రంతా బస్సు. మినప్పప్పు కోసం ఒక్కసారే వెళ్ళాను.

తెలుగువాళ్ళు ఉంటారా?

బ్యాంకాక్‌లో ఉంటారు. మా జిల్లాలో నాకు తెలిసి నేనే. ఒక్కోసారి వారం రోజులు ఎదురుగా ఒక్క మనిషితో కూడా తెలుగు మాట్లాడను. నోట్‌బుక్కులు లెక్కపెట్టేటప్పుడు మాత్రం ఒకటి, రెండు, మూడు అని తెలుగే వస్తుంది, గట్టిగా. పిల్లలు నేర్చేసుకున్నారు. ఇప్పుడు నేను "ముప్పై ఎనిమిది" అంటే వెనక బెంచీ నుంచి "ముప్పై తొమ్మిది" అని వినిపిస్తుంది. ఆ దేశంలో నేను నేర్పిన వాటిల్లో తప్పు లేకుండా పలికింది అదొక్కటే.

ఇంటి మీద బెంగ ఎప్పుడు తగ్గుతుంది?

తగ్గుతుందని నేను చెప్పను. చోటు మారుతుంది.

మొదటి నెల అంతా కొత్త, బెంగకి తీరిక ఉండదు. మూడో నెలలో వానలు పడతాయి, అప్పుడు పట్టుకుంటుంది. రోయెట్ వరి దేశం, జాస్మిన్ రైస్ అంటారే, ఆ మల్లెబియ్యం ఆ నేలలో పండుతుంది. నాట్లు వేసేటప్పుడు బస్సులో వెళ్తుంటే కిటికీలోంచి మా ఊరే కనిపిస్తుంది. అచ్చం అదే పచ్చ, అదే బురద వాసన. పూర్తిగా వేరుగా ఉండే దేశమైతే ఇంత బాధ ఉండదేమో అనిపిస్తుంది.

పండగలు అనుకుంటారు గానీ, సంక్రాంతి కన్నా మామూలు మంగళవారం సాయంత్రమే కష్టం. సంక్రాంతికి బెంగపడతానని ముందే తెలుసు, సిద్ధంగా ఉంటాను. జనవరి 16న అక్కడ టీచర్స్ డే, బడికి సెలవు, కనుమ ముగిసేవేళకి గదిలో పడుకుని ఇంటి ఫొటోలు చూసుకోవచ్చు. మంగళవారానికి ఆ ఏర్పాటు లేదు.

వాళ్ళ పలకరింపు కూడా ఒక దెబ్బ. మనిషి ఎదురుపడితే "కిన్ ఖావ్ రు యాంగ్" అంటారు, అన్నం తిన్నావా అని. మా అమ్మ ఫోన్ ఎత్తగానే అనే మొదటి మాట కూడా అదే.

రోజూ ఫోన్ చేస్తే సరిపోదా?

మనకన్నా గంటన్నర ముందు. నాకు రాత్రి తొమ్మిదైతే అమ్మకి ఏడున్నర, సీరియల్ టైము. చేస్తాను. రోజూ చేస్తాను. అయితే ఫోన్‌లో ఇద్దరం అబద్ధాలాడతాం. నేను జ్వరంగా ఉన్నా "బాగానే ఉన్నానమ్మా" అంటాను. ఆవిడ "ఇక్కడ అందరం బాగున్నాం" అంటుంది. నాన్నకి షుగర్ పెరిగి ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజులూ ఆయన "పొలానికెళ్ళారు". తమ్ముడు నోరు జారితే తెలిసింది.

అందుకని ఇంట్లో ఒక మనిషితో ఒప్పందం చేసుకోండి. నాకు తమ్ముడు. "అమ్మ ఏం చెప్పినా సరే, నువ్వు మాత్రం నిజం చెప్పాలి. నేనూ నీకు నిజమే చెప్తాను." ఆ ఒప్పందం అయ్యాక వాడు మొదటగా చెప్పిన నిజం, నా గది వాడు తీసేసుకున్నాడని.

ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయితే వెంటనే రాగలమా?

ఈ ప్రశ్న ఎవరూ నేరుగా అడగరు. "ఫ్లైట్లు ఎలా ఉంటాయి" అని అడుగుతారు. నేరుగానే చెప్తాను.

కాగితం మీద దగ్గరే. 2024లో విశాఖ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానం మొదలైంది (ఇప్పుడు నడుస్తోందో లేదో చూసుకోండి), గాల్లో సుమారు మూడు గంటలు. అనకాపల్లి నుంచి హైదరాబాద్ రైల్లో వెళ్ళేదానికన్నా తక్కువ. నాన్న అందరికీ అదే చెప్పేవాడు.

మొదటి ఏడాది నవంబరులో తాతయ్య పోయారు. అమ్మ తెల్లవారి చెప్పింది, రాత్రే పోయినా. నా పాస్‌పోర్ట్ నా దగ్గర లేదు. వీసా పొడిగింపు పనికని ఏజెన్సీ తీసుకుని వాళ్ళ ఆఫీసులో పెట్టుకుంది, ఆ వేళ వాళ్ళకి సెలవు. మర్నాడు పాస్‌పోర్ట్ చేతికొచ్చింది. రాత్రి బస్సు. తెల్లారి విమానాశ్రయంలో తెలిసింది, రీ ఎంట్రీ పర్మిట్, అంటే తిరిగి రావడానికి అనుమతి, లేకుండా దేశం దాటితే ఏడాది వీసా రద్దయిపోతుందని. అక్కడే కౌంటర్‌లో ఫారం నింపి, ఫొటో దిగి, డబ్బు కట్టి తీసుకున్నాను. విశాఖ విమానం అప్పట్లో వారంలో కొన్ని రోజులే, ఆ రోజు లేదు. హైదరాబాద్‌లో దిగి, అక్కడి నుంచి రైలు.

నేను ఇంటికి చేరేసరికి తాతయ్య అస్థికలు కూడా గోదావరిలో కలిపేశారు. పెద్దకర్మకి ఉన్నాను. వీధరుగు మీద ఆయన పడక్కుర్చీ ఇంకా తీయలేదు, అందులో ఎవరూ కూర్చోవడమూ లేదు.

కాబట్టి రెండు పనులు. ఒకటి, పాస్‌పోర్ట్ ఎవరికీ వదిలి రావద్దు. సంతకానికి ఇస్తే అదే రోజు వెనక్కి తీసుకోండి, ఎంత మంచివాళ్ళయినా. రెండు, వీసా ఏడాదికి పొడిగించిన రోజే, అదే ఆఫీసులో, రీ ఎంట్రీ పర్మిట్ తీసుకోండి. ఒక్కసారికైతే 1,000 బాత్‌లు, ఎన్నిసార్లయినా అయితే 3,800. దండగ అనిపిస్తుంది. నేను ప్రతి ఏడూ 3,800 కడుతున్నాను, రెండో ఏడు ఒక్కసారి కూడా వాడలేదు. వాడని ఏడాదే మంచి ఏడాది. వీటితో పాటు టికెట్ డబ్బు వేరే ఖాతాలో పెట్టుకోండి, దాన్ని ముట్టకండి.

సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలి?

మోకాళ్ళు దాటే స్కర్టులు, ఎందుకంటే ఆడ టీచర్లు ప్యాంటు వేసుకుంటే చాలా బళ్ళలో ఒప్పుకోరు. మా బళ్ళో చుడీదార్‌కి కూడా మొదట మొహం చిట్లించారు, ఇప్పుడు శుక్రవారాలు నా చుడీదార్ కోసం పిల్లలు ఎదురుచూస్తారు. చిన్న కుక్కర్. సులువుగా విప్పే చెప్పులు, తరగతి గది బయటే వదలాలి. ఎండిన కరివేపాకు. సర్టిఫికెట్లు అసలువి చేతి సంచీలో, సూట్‌కేసులో కాదు. ఆవకాయ సీసా మూత మీద ప్లాస్టిక్ కవరు రెండుసార్లు చుట్టండి. నేను ఒక్కసారే చుట్టాను, నా డిగ్రీ జిరాక్సుకి ఇప్పటికీ ఆవ వాసనే.

పెళ్ళి?

ఈ ప్రశ్న మా మేనత్త తప్ప ఇంకెవరూ అడగడానికి వీల్లేదు. ఆవిడకి జవాబు ఇచ్చేశాను.

మరి తిరిగి వచ్చేస్తావా, అక్కడే ఉంటావా?

నా కాంట్రాక్ట్ మార్చి 31తో అయిపోతుంది, కొత్తదాని మీద సంతకం ఫిబ్రవరిలోనే అడుగుతారు. మొదటి రెండేళ్ళూ అమ్మ "ఎప్పుడొచ్చేస్తావు" అని అడిగేది. ఈ ఏడు అడగడం మానేసింది. దాని బదులు, నీ వాటా ఆవకాయ చిన్న సీసాలోకి తీయమంటావా, జాడీలోనే ఉంచమంటావా అని అడుగుతోంది. సీసా అంటే పట్టుకెళ్ళేది, జాడీ అంటే ఇంట్లో తినేది. మామిడికాయలు దిగేలోగా చెప్పమంది.